రూటర్ మారింది, మరి లైన్ సంగతేమిటి?

కొత్త రూటర్ పెట్టగానే చాలామంది చేసే పని ఒకటే. ఉన్నచోటే కూర్చుని, ఫోన్ తీసి, స్పీడ్ టెస్ట్ నొక్కుతారు. అంకె పెరిగితే డబ్బు దండగ కాలేదని సంబరం, తగ్గితే కొత్త రూటర్‌కి తిట్లు. రెండూ తొందరపాటే. ఆ అంకె అచ్చంగా లైన్‌ది కాదు, అచ్చంగా రూటర్‌దీ కాదు. డేటా ఫోన్ నుంచి రూటర్ దాకా గాల్లో వెళ్తుంది, అది ఒక మజిలీ. రూటర్ నుంచి ఎక్స్ఛేంజ్ దాకా రాగి తీగ మీదో ఫైబర్ మీదో వెళ్తుంది, అది రెండోది. అక్కడి నుంచి టెస్ట్ సర్వర్ దాకా మూడోది. ఈ మూడింటిలో ఏది నెమ్మదిగా ఉంటే స్పీడ్ టెస్ట్ దాని అంకె చూపిస్తుంది. అది ఏ మజిలీదో మాత్రం చెప్పదు.

లైన్ పనితీరు అంటే రెండో మజిలీ. దాన్ని తెలుసుకోవడానికి స్పీడ్ టెస్ట్ కన్నా మంచి దారి మీ ఇంట్లోనే ఉంది. మోడెమ్, అంటే లైన్‌తో మాట్లాడే భాగం (చాలా రూటర్ల లోపలే ఉంటుంది), ఎప్పుడూ లైన్ నాడి పట్టుకునే ఉంటుంది. ఆ లెక్కలన్నీ రూటర్ సెట్టింగ్స్‌లో స్టేటస్ అనో, డీఎస్‌ఎల్ (రాగి లైన్) అనో, పాన్ (ఫైబర్ లైన్) అనో పేరున్న పేజీలో ఓ మూల పడి ఉంటాయి. వాటిని చదవడం, పాత రూటర్ చూపించిన లెక్కలతో పోల్చడం, ఇంట్లో వచ్చిన లోపాన్ని బయటి లోపం నుంచి విడదీయడం. పనంతా ఇంతే, కానీ వరస తప్పితే అయోమయమే మిగులుతుంది.

పాతది పీకే ముందు

పోల్చడానికి ఏదో ఒకటి ఉండాలి కదా. పాత రూటర్ ఇంకా నడుస్తూ ఉండగానే దాని స్టేటస్ పేజీని ఫోన్‌తో ఫోటో తీసుకోండి. సింక్ స్పీడ్, మార్జిన్, ఎర్రర్ల లెక్క, లైన్ ఎంతసేపటి నుంచి తెగకుండా ఉందో చెప్పే అప్‌టైమ్, ఫైబర్ అయితే అందుతున్న కాంతి బలం, ఇవన్నీ అందులో రావాలి, వీటి అర్థాలు ముందు ముందు చెప్పుకుందాం. తర్వాత ఇంటర్నెట్ సెట్టింగ్స్ పేజీకి వెళ్లి కనెక్షన్ రకం చూడండి. పీపీపీఓఈ, అంటే లాగిన్ అయి కలిసే పద్ధతి అయితే యూజర్ నేమ్, పాస్‌వర్డ్ కావాలి. వీల్యాన్ నంబరు (కంపెనీ తన లైన్‌లో డేటాకి వేసే గుర్తు) ఉంటే అదీ రాసుకోవాలి. ఈ నంబరు లేకపోతే లైన్ లైటు పచ్చగా వెలుగుతూనే ఉంటుంది, ఇంటర్నెట్ మాత్రం రాదు. దాన్ని లైన్ లోపమనుకుని రోజంతా తిప్పలు పడేవాళ్లు చాలామంది.

అప్పటికే పాతది పెట్టెలో పడేసి ఉంటే మరేం ఫరవాలేదు. చెడిపోకపోతే ఒక్కసారి మళ్లీ తగిలించి, అరగంట నడిపి, ఆ పేజీ ఫోటో తీసుకోవచ్చు. అయితే ఈ తీసి పెట్టడాలు అదేపనిగా చేయకూడదు. ఎందుకో రాగి లైన్ల దగ్గర చెప్పుకుందాం.

మార్చేటప్పుడు పాటించాల్సిన క్రమం ఒకటుంది. డీఎస్‌ఎల్ లైన్ అయితే ముందు రూటర్ పవర్ ఆపండి, ఆ తర్వాతే ఫోన్ తీగ లాగండి. పవర్ పోయే క్షణంలో చాలా మోడెమ్‌లు ‘కరెంటు పోయింది, పోతున్నా’ అని ఎక్స్ఛేంజ్‌కి ఆఖరి కబురు పంపుతాయి. దానికి పెట్టిన పేరే డయింగ్ గ్యాస్ప్, అంటే కొన ఊపిరి. ఆ కబురు అందితే ఇది లైన్ తెగడం కాదని అటువైపు యంత్రానికి తెలుస్తుంది. ముందే తీగ లాగితే లైన్ తెగిందనే లెక్కలో పడే అవకాశం ఉంది.

కేబుల్ మోడెమ్ వెనక రూటర్ పెట్టుకున్నవాళ్లకు వేరే చిక్కు. చాలా కేబుల్ మోడెమ్‌లు ఆన్ అయ్యాక మొదట చూసిన పరికరం మ్యాక్ అడ్రస్‌నే (దానికి పుట్టుకతో ఉండే గుర్తింపు నంబరు) గుర్తుపెట్టుకుంటాయి. రూటర్ మార్చి మోడెమ్‌ని అలాగే వదిలేస్తే కొత్త రూటర్‌కి ఐపీ అడ్రస్ రాదు. మోడెమ్‌ని కూడా ఒక నిమిషం ఆపి, ముందు దాన్ని, అది పూర్తిగా లేచాక రూటర్‌ని ఆన్ చేస్తే సరిపోతుంది.

అడాప్టర్లు కలగాపులగం చేయవద్దు. పిన్ను పట్టినంత మాత్రాన సరిపోయినట్టు కాదు. 12 వోల్టుల 2 ఆంపియర్ల రూటర్‌కి పాత 12 వోల్టుల 1 ఆంపియర్ అడాప్టర్ తగిలిస్తే మామూలుగా నడిచినట్టే ఉంటుంది. వైఫై మీద భారం పడగానే రీస్టార్ట్ అవుతుంది. చూసేవాళ్లకి లైన్ తెగినట్టే అనిపిస్తుంది.

వైఫైని పక్కన పెట్టాలి

లైన్ గురించి తేల్చాలంటే మొదటి మజిలీని పరీక్షలోంచి తీసేయాలి. అంటే ల్యాప్‌టాప్‌ని ఈథర్‌నెట్ కేబుల్‌తో నేరుగా రూటర్‌కి కలపాలి. వీపీఎన్ ఆపాలి, టీవీలూ ఫోన్లూ అప్‌డేట్లు లాగకుండా చూడాలి. ల్యాప్‌టాప్‌లో వైఫై కూడా ఆపండి. కేబుల్ పెట్టినా కొన్ని సిస్టమ్‌లు వైఫై మీదే నడుస్తూ ఉంటాయి, మనం మాత్రం కేబుల్‌తో కొలుస్తున్నామనే భ్రమలో ఉంటాం.

టెస్ట్ మొదలుపెట్టే ముందు కేబుల్ ఏ వేగంతో కలిసిందో చూడండి. నెట్‌వర్క్ అడాప్టర్ స్టేటస్‌లో 1 జీబీపీఎస్ అనో 100 ఎంబీపీఎస్ అనో ఉంటుంది. 200 ఎంబీపీఎస్ ప్లాన్ మీద టెస్ట్ ఎన్నిసార్లు చేసినా 93, 94 దగ్గరే అతుక్కుపోతుంటే ఇక లైన్ జోలికి పోనక్కర్లేదు. ఆ అంకె 100 ఎంబీపీఎస్ పోర్టు వేలిముద్ర. 1,500 బైట్ల ప్యాకెట్ ఒక్కొక్కటి తీగ మీద హెడర్లూ ఖాళీలూ కలుపుకుని 1,538 బైట్ల చోటు తీసుకుంటుంది. అందులో అసలు సరుకు 1,448 నుంచి 1,460 బైట్లు. అందుకే 100 పోర్టు మీద 94, గిగాబిట్ పోర్టు మీద 940 దాకానే కనిపిస్తుంది.

చవక రూటర్లలో కొన్నిటి పోర్టులే 100వి. పెట్టె మీద వైఫై వేగం వేలల్లో రాసి, వెనక పోర్టులు 100వి పెట్టడం ఈ రంగంలో పాత మోసమే. పోర్టు గిగాబిట్‌దే అయినా 100 దగ్గర కలిసిందంటే కేబుల్‌ని అనుమానించండి. గిగాబిట్‌కి నాలుగు జతలు, అంటే 8 తీగలూ కావాలి. 100కి 1, 2, 3, 6 నంబరు పిన్నులకు వెళ్లే రెండు జతలు చాలు. మిగతా వాటిలో ఒక్క తీగ తెగినా, పిన్ను సరిగా నొక్కుకోకపోయినా రెండు కొసలూ మాట్లాడుకుని చడీచప్పుడు లేకుండా 100కి దిగిపోతాయి. మోడెమ్‌కీ రూటర్‌కీ మధ్య ఉండే చిన్న కేబుల్ విషయంలోనూ ఇంతే. దాన్నెవరూ అనుమానించరు, చాలాసార్లు దొంగ అదే.

ఎంబీపీఎస్‌లో ‘బీ’ అంటే బిట్. డౌన్‌లోడ్ విండో చూపించేది తరచుగా బైట్లు. 100 ఎంబీపీఎస్ అంటే సెకనుకు 12.5 మెగాబైట్లు. ఇది తెలియక జరిగే గొడవలకు లెక్కలేదు.

ఒక్కసారి కొలిచి ఊరుకోవద్దు. తెల్లవారుజామున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, రాత్రి తొమ్మిది పది మధ్య ఒకసారి, కనీసం మూడు రోజులు. పొద్దున బాగుండి రాత్రి మాత్రమే పడిపోతుంటే, సింక్ (మోడెమ్, ఎక్స్ఛేంజ్ కలిసి ఒప్పుకున్న లైన్ వేగం) మాత్రం కదలకుండా ఉంటే, రద్దీ మూడో మజిలీలో ఉంది. అందరూ ఒకేసారి వాడుతున్నారు. దానికి మీ తీగా, మీ రూటర్ ఏమీ చేయలేవు.

రాగి లైన్: నాలుగు అంకెలు

డీఎస్‌ఎల్ లైన్‌లో చదవాల్సింది ఎక్కువ, అపార్థం చేసుకునేదీ ఎక్కువే.

మొదటిది సింక్ స్పీడ్. మోడెమ్, ఎక్స్ఛేంజ్‌లోని యంత్రం కలిసి ఈ తీగ మీద ఇంత వేగం నడుపుదామని ఒప్పుకున్న అంకె ఇది. స్పీడ్ టెస్ట్ ఎప్పుడూ దీనికన్నా తక్కువే చూపిస్తుంది. డీఎస్‌ఎల్‌లో పాత రకమైన ఏడీఎస్‌ఎల్ మీద డేటా 53 బైట్ల చిన్న గళ్లలో వెళ్తుంది, అందులో 5 బైట్లు చిరునామాకే పోతాయి. మిగతా హెడర్లు కూడా కలిస్తే 16 ఎంబీపీఎస్ సింక్ ఉన్న లైన్ టెస్ట్‌లో 13.5, 14 మధ్య చూపడం సహజం. దాని తర్వాత వచ్చిన, ఎక్కువ వేగమున్న వీడీఎస్‌ఎల్2లో ఆ గళ్ల బాధ లేదు కాబట్టి వృథా చాలా తక్కువ.

రెండోది ఎస్‌ఎన్‌ఆర్ మార్జిన్. లైన్‌లో ఎప్పుడూ కొంత రొద ఉంటుంది. ఆ రొద ఇంకా ఎంత పెరిగినా తట్టుకోగలదో డెసిబెల్స్‌లో చెప్పే అంకె ఇది. చాలా నెట్‌వర్క్‌లు 6 డీబీ దగ్గర సింక్ అయ్యేలా పెడతాయి. లైన్ కలిసే క్షణంలో ఆ 6 డీబీ పక్కన పెట్టి, మిగిలినదంతా వేగంగా మార్చేస్తారు. తర్వాత రొద పెరిగితే వేగం తగ్గదు, మార్జిన్ కరుగుతుంది. 3 డీబీ కిందికి వచ్చిందంటే లైన్ ఎప్పుడు తెగుతుందో చెప్పలేం. వేగానికీ మార్జిన్‌కీ మారకం కూడా లెక్క ప్రకారమే ఉంటుంది: 3 డీబీ మార్జిన్ వదులుకుంటే ప్రతి టోన్ (డేటా మోసే సన్నని పౌనఃపున్య పాయ) మీద సుమారు ఒక బిట్ అదనంగా పడుతుంది. ఏడీఎస్‌ఎల్2+లో డౌన్‌లోడ్‌కి దాదాపు 480 టోన్లు, సెకనుకు 4,000 సార్లు. అన్ని టోన్లూ పనిచేసే పొట్టి లైన్‌లో ఆ 3 డీబీ విలువ సుమారు 1.9 ఎంబీపీఎస్.

ఇప్పుడు ఒక లైన్ తీసుకుందాం. పాత రూటర్‌లో వీడీఎస్‌ఎల్2 డౌన్‌లోడ్ సింక్ 52,400 కేబీపీఎస్, మార్జిన్ 6.2 డీబీ. కొత్తది పెట్టాక సింక్ 47,800, మార్జిన్ 6.1. మార్జిన్ అక్కడే ఉండి సింక్ తగ్గిందంటే ఉన్న సత్తువంతా వాడుకున్నా అంతే వచ్చింది. కొత్త మోడెమ్ చిప్‌కి ఈ తీగ మీద అంత పట్టు చిక్కలేదు, లేదా కొత్త రూటర్‌తో పాటు మార్చిన తీగో అడాప్టరో రొద తెచ్చింది. అదే 47,800 దగ్గర మార్జిన్ 9 అని కనిపిస్తే కథ వేరు. లైన్‌లో ఇంకా ఓపిక ఉంది, అటువైపు నుంచే ఎవరో కళ్లెం బిగించారు. ఇక సింక్ 52,400 దగ్గరే ఉండి మార్జిన్ 3కి పడిపోతే, లైన్ కలిసినప్పుడు అంతా ప్రశాంతంగా ఉంది, రొద తర్వాత వచ్చి చేరింది. మూడు సందర్భాల్లోనూ వినియోగదారుడి ఫిర్యాదు ‘నెట్ బాగాలేదు’ అనే. చికిత్స మాత్రం మూడు రకాలు.

కళ్లెం బిగించేది ఎవరంటే, చాలా నెట్‌వర్క్‌ల్లో డీఎల్‌ఎం అనే వ్యవస్థ. లైన్ ఎన్నిసార్లు తెగుతోంది, ఎన్ని ఎర్రర్లు వస్తున్నాయని రోజూ గమనిస్తూ, లైన్ బలహీనంగా ఉందనిపిస్తే టార్గెట్ మార్జిన్ 6 నుంచి 9కో 12కో పెంచుతుంది, లేదా ఇంటర్‌లీవింగ్ (ఎర్రర్లు సరిదిద్దడానికి డేటాని కలగలిపి పంపడం) పెట్టి పింగ్‌ని, అంటే జవాబు వచ్చే ఆలస్యాన్ని, కొన్ని మిల్లీసెకన్లు పెంచుతుంది. కొత్త రూటర్ వచ్చిన ఉత్సాహంలో ఒకే సాయంత్రం పదిసార్లు ఆపి ఆన్ చేస్తే, లైన్ పదిసార్లు తెగిందని దానికి అర్థం కావచ్చు. అందుకే పెట్టిన తర్వాత రెండు మూడు రోజులు ముట్టుకోకుండా వదిలేయడమే మేలు. కళ్లెం వేయడానికి ఒక్క రోజు చాలు, తీయడానికి వారాలు పట్టవచ్చు.

మూడో అంకె అటెన్యుయేషన్, తీగలో సిగ్నల్ ఎంత క్షీణించిందో చెప్పేది. ఏడీఎస్‌ఎల్‌లో కిలోమీటరుకు సుమారు 14 డీబీ అని మోటు లెక్క వేసుకోవచ్చు. 20 డీబీ ఉన్న ఇల్లు ఎక్స్ఛేంజ్‌కి దగ్గర, 60 ఉంటే బాగా దూరం. రూటర్ మార్చినంత మాత్రాన తీగ పొడవు మారదు కాబట్టి ఇది మారకూడదు. ఒకటి రెండు డీబీల తేడా వస్తే అది చిప్‌ల కొలతల్లో తేడా. వీడీఎస్‌ఎల్2లో జాగ్రత్తగా ఉండాలి: ఒక రూటర్ డీ1, డీ2, డీ3 అని బ్యాండ్‌ల వారీగా చూపిస్తుంది, ఇంకొకటి అన్నీ కలిపి ఒకే అంకె ఇస్తుంది. ఈ రెంటినీ పోల్చి కంగారు పడటంలో అర్థం లేదు. ‘గరిష్ఠంగా సాధ్యమయ్యే వేగం’ అని చూపించే అంకె కూడా ఇలాంటిదే. అది ఆ మోడెమ్ వేసుకున్న అంచనా, రెండు కంపెనీల మోడెమ్‌లు ఒకే తీగకు రెండు జాతకాలు చెబుతాయి. వేర్వేరు రూటర్లను పోల్చేటప్పుడు నమ్మదగినవి అసలు సింక్, ఎర్రర్లు, తెగిన సార్లు. అంతే.

నాలుగోది ఎర్రర్లు. ఎఫ్‌ఈసీ అని ఉన్నవి దారిలోనే సరిదిద్దిన తప్పులు, లక్షల్లో ఉన్నా బెంగ లేదు. సీఆర్‌సీ అని ఉన్నవి సరిదిద్దలేక పారేసినవి, చూడాల్సింది వీటిని. మొత్తం అంకె కాదు, గంటకు ఎన్ని అన్నది ముఖ్యం. 1,200 సీఆర్‌సీలు 10 రోజుల్లో వస్తే గంటకు 5, పట్టించుకోనక్కర్లేదు. అవే 1,200 రెండు గంటల్లో వస్తే గంటకు 600, వీడియో కాల్ మధ్యలో బొమ్మ గళ్లు గళ్లుగా విరిగేది అందుకే. కౌంటర్ రూటర్ రీస్టార్ట్ అయితే సున్నా అవుతుంది కాబట్టి పక్కన అప్‌టైమ్ లేకుండా ఎర్రర్ల అంకెకు విలువ లేదు.

ఒక పాత తీగ కొత్త రూటర్ పెట్టినప్పుడే ఎందుకు గోల చేస్తుంది? చాలాసార్లు తప్పు చివరి మూడు నాలుగు మీటర్లలో ఉంటుంది. కొత్త రూటర్ టీవీ పక్కన పెడదామని పొడవాటి బల్లపరుపు ఫోన్ తీగ వేస్తారు. అందులో తీగలు మెలితిరిగి ఉండవు, చుట్టుపక్కల రొదనంతా యాంటెన్నాలా లాగేస్తాయి. మెలితిరిగిన జత ఉన్న పొట్టి తీగ వాడి, రూటర్‌కి పవర్ తీగనో ఈథర్‌నెట్ కేబుల్‌నో పొడిగించుకోవడం మేలు. ల్యాండ్‌లైన్ ఫోన్ కూడా ఉంటే ప్రతి ఫోన్‌కీ ఫిల్టర్ ఉండాలి. ఫోన్ మోగగానే నెట్ తెగుతుంటే ఫిల్టర్ పోయింది, లేదా ఎక్కడో జాయింట్ తుప్పు పట్టింది. ఫోన్ ఎత్తి వినండి. చిటపటలు, బుసలు వినిపిస్తే ఆ తుప్పే మాట్లాడుతోంది. జతలో ఒక తీగ పూర్తిగా ఊడినా డీఎస్‌ఎల్ కొన్నిసార్లు ఒంటికాలి మీద కుంటుతూ నడుస్తుంది, సింక్ మాత్రం దారుణంగా పడిపోతుంది.

అడాప్టర్ల రొద పట్టుకోవడానికి పాతకాలపు మీడియం వేవ్ రేడియో భలే పనికొస్తుంది. ఏ స్టేషనూ లేని చోట, డయల్ కింది కొసకు దగ్గరగా ట్యూన్ చేసి, రేడియోని రూటర్ అడాప్టర్ దగ్గరికి, ఎల్‌ఈడీ లైట్ల దగ్గరికి, టీవీ వెనక్కి తీసుకెళ్లండి. ఎక్కడ గుర్రుమనే మోత పెరుగుతుందో అక్కడే దోషి. ఏడీఎస్‌ఎల్2+ వాడే పౌనఃపున్యాలు 2.2 మెగాహెర్ట్జ్ దాకా ఉంటాయి, మీడియం వేవ్ మొత్తం అందులోనే పడుతుంది. రాత్రిపూట దూరపు రేడియో స్టేషన్లు బలంగా వినిపించే కారణమే రాత్రిళ్లు మార్జిన్ ఒకటి రెండు డీబీలు తగ్గడానికీ కారణం. పొద్దున సింక్ అయిన లైన్ రాత్రి తెగుతుంటే ఈ సంగతి గుర్తుంచుకోండి.

కొత్త రూటర్ కొనేముందే చూసుకోవాల్సింది మరొకటి: లైన్ మీద వెక్టరింగ్ (పక్కపక్క తీగల రొదను రద్దు చేసే పద్ధతి) ఉంటే మోడెమ్‌కి కూడా ఆ సదుపాయం ఉండాలి. లేకపోతే చాలాచోట్ల బాగా తక్కువ వేగానికి కట్టేస్తారు, పక్కింటి లైన్లు పాడవకుండా.

ఫైబర్, కేబుల్

ఫైబర్‌లో కథ చిన్నది. లైన్ ఆగేది గోడ దగ్గరున్న ఓఎన్‌టీ పెట్టెలో, కాంతిని మామూలు నెట్‌వర్క్ సిగ్నల్‌గా మార్చేది అదే. ఆ పెట్టె అలాగే ఉండి దాని వెనక రూటర్ మాత్రమే మార్చితే లైన్‌ని మీరు ముట్టుకోనే లేదు. స్పీడ్ తగ్గితే తప్పు రూటర్‌ది, కేబుల్‌ది లేదా సెట్టింగ్‌ది. రెండూ ఒకే పెట్టెలో ఉండి మొత్తం మార్చాల్సి వస్తే కొత్త పెట్టె సీరియల్ నంబరు కంపెనీ దగ్గర నమోదు కావాలి. లేకపోతే కాంతి అందుతున్నా పాన్ లైటు మిణుకుమిణుకుమంటూనే ఉంటుంది.

చూడాల్సిన అంకె ఒక్కటే: అందుతున్న కాంతి బలం, డీబీఎంలలో. ఇళ్ల ఫైబర్‌లో ఎక్కువగా వాడే జీపాన్ అనే పద్ధతి బీ+ తరగతిలో ఇంటి పెట్టె తట్టుకునే హద్దులు మైనస్ 8 నుంచి మైనస్ 27 దాకా. మైనస్ 15 నుంచి మైనస్ 24 మధ్య ఉంటే నిశ్చింత. మైనస్ 26 అంటే అంచు మీద నిలబడటం. ప్రతి 3 డీబీకి కాంతి సగమవుతుంది కాబట్టి నిన్న మైనస్ 20, ఈ రోజు మైనస్ 23 అంటే చిన్న తేడా కాదు, సగం కాంతి ఎక్కడో కారిపోతోంది. అది చాలావరకు రూటర్ వెనక నలిగిన పసుపు తీగలోనే. మామూలు ఫైబర్‌ని 3 సెంటీమీటర్లకన్నా చిన్న వ్యాసార్థంతో వంచకూడదు, వంపు తట్టుకునే రకాలు 1 సెంటీమీటరు దాకా ఓర్చుకుంటాయి. బల్లకీ గోడకీ మధ్య నొక్కుకుంటే ఏ రకమైనా ఓర్చుకోదు. కొసన ఉండే కనెక్టర్ పచ్చరంగుదైతే దాని ముఖం 8 డిగ్రీల ఏటవాలుగా అరగదీసి ఉంటుంది, నీలం రంగుది అలా ఉండదు. పచ్చదాన్ని నీలం సాకెట్‌లో గుచ్చితే పడుతుంది గానీ కాంతి పోతుంది, ముఖాలు దెబ్బతింటాయి. విప్పిన కొసను కంటికి ఎదురుగా పెట్టుకోవద్దు, లోపలి కాంతి కంటికి కనిపించేది కాదు.

రాగితో ఫైబర్‌కి పెద్ద తేడా ఇక్కడుంది. జీపాన్‌లో డౌన్‌లోడ్ వైపు 2.488 జీబీపీఎస్, అప్‌లోడ్ వైపు 1.244, ఎప్పుడూ అదే. కాంతి కొంచెం తగ్గితే వేగం కొంచెం తగ్గడమనేది లేదు. హద్దు దాటేదాకా మామూలుగా నడుస్తుంది, దాటాక ఎర్రర్లు వచ్చి తెగిపోతుంది. 300 ప్లాన్ మీద స్థిరంగా 180 వస్తూ, కాంతి మైనస్ 19 ఉంటే ఫైబర్‌ని వదిలేసి రూటర్ సంగతి చూడండి.

కేబుల్ మోడెమ్‌లో డౌన్‌లోడ్ చానెళ్ల బలం మైనస్ 7 నుంచి ప్లస్ 7 డీబీఎంవీ మధ్య, ఎస్‌ఎన్‌ఆర్ 33 డీబీ పైన ఉండాలి. అప్‌లోడ్ బలం 50 దాటిందంటే మోడెమ్ గొంతు చించుకుని అరుస్తోందని అర్థం. ఎక్కడో కనెక్టర్ వదులుగా ఉంది, లేదా లైన్‌ని చీల్చే అక్కర్లేని స్ప్లిటర్ ఉంది. సరిదిద్దలేని కోడ్‌వర్డ్‌ల (డేటా ముక్కల) లెక్క గంటగంటకీ పెరుగుతుంటే ముందు చేత్తో కనెక్టర్లు బిగించి చూడండి.

పింగ్ చెప్పే నిజాలు

వేగం బాగుండి కాల్స్ మాత్రం నరకంగా ఉంటే పింగ్ చేయాలి, అంటే చిన్న కబురు పంపి జవాబు ఎంతసేపటికి వస్తుందో చూడాలి. విండోస్‌లో పింగ్ మామూలుగా 4 సార్లే పంపి ఆగుతుంది, దాంతో ఏమీ తేలదు. కనీసం 100 పెట్టండి. మొదట రూటర్‌కే, అంటే 192.168.1.1 లాంటి దాని సొంత అడ్రస్‌కి. కేబుల్ మీద ఇది 1 మిల్లీసెకను దాటకూడదు, ఒక్కటి కూడా పోకూడదు. తర్వాత ట్రేస్‌రూట్‌లో (దారిలోని అడ్రస్‌లను వరసగా చూపే ఆదేశం) రూటర్ తర్వాత వచ్చే మొదటి అడ్రస్‌కి, లైన్ అవతలి కొస అదే. చివరగా బయటి సర్వర్లయిన 1.1.1.1కో 8.8.8.8కో. రూటర్‌కి 100కి 100 వచ్చి, రెండోదానికీ మూడోదానికీ 4 పోతే లైన్ మీద గట్టి అనుమానమే. మొదటి అడ్రస్ మాత్రమే 30 శాతం పోగొట్టి, దాని తర్వాతవన్నీ సున్నా చూపిస్తే కంగారు వద్దు. నెట్‌వర్క్ రూటర్లు మన పింగ్‌లకు జవాబివ్వడం ఆఖరి పనిగా పెట్టుకుంటాయి, డేటాని మాత్రం సక్రమంగా ముందుకు పంపుతాయి.

ఇదే పింగ్‌ని పెద్ద అప్‌లోడ్ ఒకటి నడుస్తుండగా చేయండి. ఖాళీగా 12 ఉన్నది భారం మీద 400 అయితే అది బఫర్‌బ్లోట్. ప్యాకెట్లు రూటర్ లోపలే బారులు తీరి నిలబడుతున్నాయి. ఎస్‌క్యూఎమ్ (ప్యాకెట్ల బారును అదుపు చేసే సదుపాయం) ఉన్న రూటర్ అయితే దాన్ని ఆన్ చేసి, కొలిచిన వేగంలో 90 శాతం హద్దు పెడితే ఈ రోగం చాలావరకు కుదురుతుంది. కానీ దీనికో ధర ఉంది. ఎస్‌క్యూఎమ్ పెట్టగానే చాలా రూటర్లలో హార్డ్‌వేర్ వేగవర్ధకం ఆగిపోయి, పనంతా ప్రాసెసర్ మీద పడుతుంది. చిన్న ప్రాసెసర్ అయితే 300 రావాల్సింది 150 దగ్గర చతికిలబడుతుంది.

లైన్ వేషం వేసుకున్న రూటర్ లోపాలు

పీపీపీఓఈ ఉన్న కనెక్షన్లలో ఎంటీయూ, అంటే ఒక ప్యాకెట్ గరిష్ఠ పరిమాణం, 1,500 బైట్లు కాదు, 1,492. 8 బైట్లు ఆ పొరకే పోతాయి. కొత్త రూటర్‌లో 1,500 అని ఉండిపోతే విచిత్రమైన లక్షణం కనిపిస్తుంది: కొన్ని సైట్లు వెంటనే తెరుచుకుంటాయి, కొన్ని సగం వచ్చి తిరుగుతూనే ఉంటాయి. ముక్కలు చేయవద్దనే గుర్తుతో 1,464 బైట్ల పింగ్ పంపండి, 28 బైట్ల హెడర్ కలిసి 1,492 అవుతుంది. అది వెళ్లి 1,472 వెళ్లకపోతే సరైన విలువ 1,492 అని తేలినట్టే.

కంపెనీ ఇచ్చిన రూటర్ వెనక మీ రూటర్ పెట్టి, రెండూ 192.168.1 వరసలోనే ఉంటే ఏ పేజీ తెరుచుకోదు. ఒకదాన్ని 192.168.2కి మార్చండి, లేదా ముందున్నదాన్ని బ్రిడ్జ్ మోడ్‌లో (రూటర్ పని మానేసి మోడెమ్‌గానే ఉండేలా) పెట్టండి. పేజీ మొదలవడానికి మూడు సెకన్లు పట్టి, మొదలయ్యాక చకచకా వచ్చేస్తుంటే అది డీఎన్‌ఎస్, అంటే సైటు పేరును అడ్రస్‌గా మార్చే సేవ, నెమ్మదిగా ఉండటం.

ఇక వైఫై. 5 గిగాహెర్ట్జ్‌లో 80 మెగాహెర్ట్జ్ వెడల్పుతో రెండు యాంటెన్నాల ఫోన్ 866 ఎంబీపీఎస్ దగ్గర కలిసిందని చూపిస్తే, నిజంగా అందేది 500, 600 మధ్య. 2.4లో 20 మెగాహెర్ట్జ్ దగ్గర 144 అని చూపిస్తే అందేది అందులో సగం పైచిలుకు. కొత్త రూటర్లు చాలావరకు రెండు బ్యాండ్లకీ ఒకే పేరు పెట్టేస్తాయి కాబట్టి పాత రూటర్‌లో 5 మీద ఉన్న ఫోన్ ఇప్పుడు 2.4 మీద ఉండవచ్చు. ‘కొత్తది పెట్టాక స్పీడ్ సగమైంది’ అనే ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం ఇదే. ఆన్ చేసిన మొదటి నిమిషంలో 5 గిగాహెర్ట్జ్ పేరు కనబడకపోతే చెడిపోయిందనుకోవద్దు. 52 నుంచి 144 దాకా ఉన్న చానెళ్లలో రాడార్ ఉందేమోనని రూటర్ కనీసం 60 సెకన్లు విని గానీ నోరు విప్పదు.

ఫిర్యాదు చేసే ముందు

రూటర్ గడియారం సరిగా ఉందో లేదో చూసుకోండి. కొత్త రూటర్ ఇంటర్నెట్ నుంచి టైమ్ తెచ్చుకునేదాకా చాలా మోడళ్లలో లాగ్ 1970 జనవరి 1 అని రాస్తుంటుంది. ఆ లాగ్‌తో ఎవరినీ నిలదీయలేం. టైమ్ సరయ్యాక లైన్ అప్‌టైమ్, ఇంటర్నెట్ అప్‌టైమ్ విడివిడిగా చూడండి. లైన్ 6 రోజులుగా నిలబడి, ఇంటర్నెట్ మాత్రం 40 నిమిషాలే చూపిస్తే తీగ తెగలేదు, పీపీపీఓఈ లాగిన్ తెగింది. అది అవతలి సర్వర్ సంగతో, రూటర్ సాఫ్ట్‌వేర్ సంగతో. రెండూ ఒకేసారి మొదలైతే తీగే తెగింది. రెండింటితో పాటు రూటర్ సొంత అప్‌టైమ్ కూడా అంతే ఉంటే రూటరే పడి లేచింది, అప్పుడు అడాప్టర్ని చూడండి.

ఫోన్ చేసినప్పుడు ‘స్పీడ్ రావడం లేదు’ అంటే వచ్చే జవాబు తెలిసిందే, ఒకసారి రీస్టార్ట్ చేయమంటారు. ‘కేబుల్ మీద కొలిచాను, సింక్ 52 నుంచి 47కి పడింది, మార్జిన్ 6, గంటకు 600 సీఆర్‌సీలు, మూడు రోజుల్లో 9 సార్లు లైన్ తెగింది, టైమ్‌లు ఇవిగో’ అంటే మాట ముందుకు వెళ్తుంది. అప్పుడు వాళ్లు అడిగేది ఒకటే: మేమిచ్చిన రూటర్ పెట్టి చూశారా అని. సొంత రూటర్ ఉన్న లైన్‌ని పరీక్షించడానికి చాలా కంపెనీలు ఒప్పుకోవు. కాబట్టి పాత రూటర్‌ని, దాని అడాప్టర్‌ని, దాని పొట్టి తీగనీ కలిపి ఒకే సంచిలో వేసి, మీద ‘లైన్ టెస్ట్‌కి’ అని రాసి అందుబాటులో ఉంచుకోండి. ఆ మూడింటినీ మళ్లీ తగిలించినా అవే ఎర్రర్లు, అదే సింక్ వస్తే కొత్త రూటర్ నిర్దోషి, మనిషిని పంపమని అడగాల్సింది బయటి తీగ కోసం.